విశ్వామిత్రుడు - అమ్ముడుపోయిన బాలుడు

విశ్వామిత్రుడనగానే మనవారికి హరిశ్చంద్ర నాటకమే గుర్తుకు వస్తుంది. కాటిసీనులో చంద్రమతి శోకం, అప్పు వసూలుకు వెంటబడే నక్షత్రకుడు, వీటన్నిటికీ వెనుక ఒక కోపిష్ఠి ముని. 15వ శతాబ్దంలో గౌరన ద్విపదగా చెప్పిన ఈ కథ బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకం ద్వారా పామరులకు కూడా చేరింది. గొప్ప నాటకమే, సందేహం లేదు. కాని గాయత్రీ మంత్రద్రష్టను అది ఎంత చిన్నవానిగా చేసిందో మనం ఆలోచించినట్లు లేదు.

దీనికంటె చాలా పాత కథ ఒకటి ఐతరేయ బ్రాహ్మణంలో కలదు. అందులో మాట తప్పినవాడు హరిశ్చంద్రుడే! కొడుకు పుడితే వానినే బలి ఇస్తానని వరుణునికి మ్రొక్కుతాడు. రోహితుడు పుట్టిన తరువాత, పళ్లు రానీ, అవి ఊడనీ, మళ్లీ రానీ అని వాయిదాలు వేస్తాడు. పెద్దవాడైన రోహితుడు అడవికి పారిపోయి, అక్కడ ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుని చూస్తాడు. అజీగర్తునికి ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవానిని తల్లి ఇవ్వనన్నది. నడిమివాడైన శునఃశేపుడు 100 ఆవులకు అమ్ముడుపోయాడు. యజ్ఞశాలలో వానిని కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే కన్నతండ్రే మరో 100 ఆవులు తీసుకొని కట్టాడు. నరకడానికి ఇంకో 100 ఆవులు అడిగాడు.

కథకుడు ఇక్కడ ఎవరినీ తిట్టడు. ధర చెప్పి ఊరుకుంటాడు. ఈ ఘట్టం బలమంతా అందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

1860 నుండి 1911 వరకు మద్రాసు రేవునుండి నేటాల్ చెరకు తోటలకు వచ్చిన మన పెద్దలను తండ్రులు అమ్మలేదు. అయిదేళ్ల ఒప్పందానికి వారే వేలిముద్ర వేశారు. మొదట్లో మొదటి ఏడు జీతం నెలకు 10 షిల్లింగులు. కనుక రెండూ ఒకటే అనను. కాని ఆకలి ముందు మనిషికి ధర కట్టడం ఎలా ఉంటుందో మనకు వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

ఆ యజ్ఞంలో హోత విశ్వామిత్రుడు. బాలుడు దేవతలను స్తుతించగా కట్లు తెగిపోయాయి. అప్పుడు అజీగర్తుడు నా కొడుకును నాకివ్వమని వచ్చాడు! విశ్వామిత్రుడు ఇవ్వలేదు. వానికి దేవరాతుడని పేరు పెట్టి, తన జ్యేష్ఠపుత్రునిగా చేసుకున్నాడు. ప్రాణం కాపాడడం ఒక ఎత్తు, ఇంటి పెద్దరికం ఇవ్వడం ఒక ఎత్తు. నాటకం చూచినవారికి ఈ విశ్వామిత్రుడు తెలియడు. వాల్మీకి రామాయణంలో ఈ కథ కొంత మారింది. అక్కడ విశ్వామిత్రుడు బాలునికి మేనమామ, వానికి బదులుగా మీరు వెళ్లండని తన కొడుకులనే అడుగుతాడు.

అయితే ఆయనను దోషం లేనివానిగా చూపడం కూడా నాకు ఇష్టం లేదు. ఐతరేయంలో ఆయనకు 101 మంది కొడుకులు. మధుచ్ఛందుడు, అతని తమ్ముళ్లు దేవరాతుని అన్నగా ఒప్పుకున్నారు. పైవారు 50 మంది ఒప్పుకోలేదు. మీ సంతతి పొలిమేరల పాలగుగాక అని తండ్రి శపించాడు. ఆ సంతతివారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని గ్రంథం చెబుతున్నది. ఆంధ్రుల పేరు కనిపించే అతి ప్రాచీన గ్రంథాలలో ఇది ఒకటి. ఈ మాట మనకు అవమానమని దాచేవారున్నారు. నాకు అలా తోచదు. తమ ఎల్లలకు ఆవల ఉన్న జాతులకు ఆనాటివారు కల్పించుకున్న పుట్టుకథ ఇది, చరిత్ర కాదు. దాచవలసిన పని లేదు. పిల్లలకు రెండు సగాలూ చెప్పాలి: పరాయి బిడ్డను ఒడిలోకి తీసుకున్నదీ ఆయనే, కన్నబిడ్డలను వెళ్లగొట్టినదీ ఆయనే.

విశ్వామిత్ర గోత్రాలలో కొన్నింటి ప్రవరలో విశ్వామిత్రుని పేరు తరువాత దేవరాతుని పేరు ఈనాటికీ చెబుతారు. 100 ఆవులకు అమ్మిన అజీగర్తుని పేరు అందులో లేదు.