ముక్కుకూ చోటున్న కళ్లద్దం

వినాయక చవితినాడు చదివే ఇరవై ఒక్క పత్రుల్లో మొదటిది మాచీపత్రం. దానికి దగ్గరి చుట్టమైన మొక్కకు దక్షిణ కొరియాలోని జెజూ ద్వీపంలో వేరే పని ఉంది. ఒడ్డున రాళ్ల మీద కూర్చున్న ముసలమ్మ గుప్పెడు ఆకు తుంచి, నలిపి, ఆ పసరును కళ్లద్దం లోపలివైపు రుద్దుతుంది. సముద్రపు నీళ్లతో ఒకసారి కడిగి ముఖానికి తగిలించుకుంటుంది. ఇక అద్దానికి ఆవిరి పట్టదు. నడుముకు సీసపు దిమ్మల పట్టీ, చేతిలో ఇనుప కొంకి, గుండెల నిండా ఒక్క ఊపిరి. అంతే, తలకిందులుగా నీళ్లలోకి.

వీళ్లను హెన్యో అంటారు. సముద్రపు ఆడవాళ్లు అని అర్థం. గాలి సిలిండర్ ఊసే లేకుండా మునిగి ఆబలోన్ గుల్లలు, నత్తలు, సముద్రపు నాచు ఏరుకొచ్చే వీళ్ల విద్యను 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు మునుగుతున్నవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. వాళ్ల ఊపిరి గురించి, పైకి తేలగానే ఈల వేసినట్టు వదిలే నిట్టూర్పు గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లు కళ్లద్దాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు. దానిది చిన్న కథేమీ కాదు.

నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా మసకే. గాలిలోంచి కంటిపొరలోకి వచ్చే వెలుగు బాగా వంగుతుంది. నీళ్లలోంచి వస్తే దాదాపు వంగదు. అందుకే కంటికి ముందు కొంచెం గాలి ఉండాలి. ఆ కాస్త గాలే తంటా తెచ్చిపెడుతుంది. పది మీటర్ల లోతుకు దిగితే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలవుతుంది, గాలి సగానికి కుంచించుకుపోవాలని చూస్తుంది. ఇది 1662 నాటి బాయిల్ సూత్రం. కానీ గాగుల్స్ గట్టి డబ్బా, కుంచించుకోదు. అప్పుడు ఆ ఖాళీ నింపడానికి కనురెప్పలు, కంటి తెల్లగుడ్డు మీది సన్నటి పొర ముందుకు లాగబడతాయి. చిన్నపిల్లలు స్టీలు గ్లాసును మూతికి ఆనించి గాలి పీలిస్తే అది అతుక్కుని ఎర్రటి మచ్చ మిగులుతుంది చూడండి, అదే ఇక్కడ కంటికి జరుగుతుంది. సన్నటి రక్తనాళాలు చిట్లి, తెల్లగుడ్డు మీద నెత్తురు పరుచుకుంటుంది.

జెజూలో మొదట వచ్చినవి రెండు కళ్లకూ విడివిడిగా ఉండే చిన్న గాగుల్సే. ముక్కు బయటే ఉండేది కాబట్టి లోపలికి గాలి ఊదే దారి లేదు. జపాన్ తీరంలో ఇదే పని చేసే అమా స్త్రీల గాగుల్స్‌కు కొన్నిచోట్ల పక్కన చిన్న రబ్బరు బుడ్డీలు తగిలించారు. లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లు ఆ బుడ్డీని నొక్కుతాయి, అందులోని గాలి అద్దం వెనక్కి చేరుతుంది. ఒత్తిడి తెచ్చిన కష్టాన్ని ఆ ఒత్తిడి చేతే తీర్పించిన ఉపాయం! ఎవరికి తట్టిందో గానీ, గొప్ప బుర్ర. ఆ తర్వాత ముక్కును కూడా కప్పే ఒంటి అద్దపు మాస్క్ వచ్చింది. జెజూలో దాన్ని వాంగ్‌నున్ అంటారు, అంటే పెద్ద కన్ను. ముక్కుతో కాస్త గాలి వదిలితే లోపలి ఒత్తిడి బయటిదానితో సరితూగుతుంది. బుడ్డీల పని అయిపోయింది.

ఇప్పుడు సరదాకు మునిగేవాళ్లు కొనేటప్పుడు చూసుకోవాల్సిందీ ముందుగా అదే: ముక్కు లోపల ఉండాలి. చెవులు సర్దుకోవడానికి బయటి నుంచి ముక్కును రెండు వేళ్లతో నొక్కిపట్టే వీలూ ఉండాలి. రెండోది, లోపలి ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది. 300 మిల్లీలీటర్ల మాస్క్‌ను 30 మీటర్ల దగ్గర సరిచేయాలంటే ఒడ్డున పీల్చిన గాలిలో 900 మిల్లీలీటర్లు దానికే పోతాయి. 100 మిల్లీలీటర్ల మాస్క్‌కు 300 చాలు. ఆ లోతులో ఆరు లీటర్ల ఊపిరి ఒకటిన్నర లీటరుకు కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

కొలత చూడటానికి దుకాణంలో పట్టీ తగిలించనక్కర్లేదు. మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో చిన్నగా పీల్చి, చేతులు వదిలేయాలి. జారకుండా నిలిస్తే ఆ ముఖానికి అది సరిపోయినట్టే. వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. గుబురు మీసాల వాళ్లకు ఈ పరీక్ష కాస్త కష్టమే. పట్టీని బిగించి కట్టడం మాత్రం మందు కాదు, అంచులు వంగి ఇంకా కారుతుంది.

మంచి మాస్క్ పెట్టుకున్నా కన్ను ఎర్రబడేది ఎక్కువగా మరుపు వల్లే. చెవుల మీదే ధ్యాస పెట్టి ముక్కుతో గాలి వదలడం మర్చిపోతారు. ముఖం లాగుతున్నట్టు అనిపించే దాకా ఆగకుండా, మొదటి రెండు మూడు మీటర్లలోనే కొంచెం కొంచెంగా వదలడం మొదలుపెట్టాలి.

బాగా లోతుకు వెళ్లే పోటీగాళ్లకు ఆ కొంచెం గాలి కూడా బరువే. వాళ్లలో కొందరు ముక్కుకు క్లిప్పు పెట్టి, నీళ్లు నింపిన గాగుల్స్ వాడతారు. నీరు కుంచించుకోదు, కనుక కంటిని లాగదు. మసక పోవడానికి అందులో బాగా పవరున్న చిన్న కటకం ఉంటుంది. చూపు పరిధి మాత్రం ఇరుకే.

నెత్తురు పరుచుకున్న కన్ను అద్దంలో భయంకరంగా కనిపిస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. ఎరుపు మెల్లగా పసుపుగా మారి రెండు వారాల్లో పోతుంది. నొప్పి పుట్టినా, చూపు తగ్గినా, ఒకటే రెండుగా కనిపించినా ఆగకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మునగడానికి ముందే డాక్టరును అడగాలి. ఇదంతా సముద్రానికే అనుకోనక్కర్లేదు. ఈతకొలను అడుగున వేసిన రూపాయి బిళ్ల కోసం ఈత గాగుల్స్‌తోనే మూడు మీటర్లు దిగిన పిల్లాడి కళ్ల చుట్టూ కూడా ఎర్రటి గుండ్రాలు తేలతాయి. గాగుల్స్ పైపైన ఈదడానికి చేసినవి, అడుక్కి దిగడానికి కాదు.