వీరసమాగమము – ఔచిత్యము : 'ప్రాజెక్ట్ ఎక్స్ జోన్' అను ఆటపై ఒక సమీక్ష

వేర్వేరు కథలకు నాయకులైన వీరులను ఒక్కచోట నిలిపి వారి బలాబలములను పరీక్షింపవలెనను కుతూహలము మానవునకు సహజము. కృష్ణుడును అర్జునుడును తలపడినచో గెలుపెవరిది? రాముడు బాణ మెక్కుపెట్టినపుడు ఎదుట నిలిచినవాడు ఆంజనేయుడే యైనచో ఏమగును? ఈ ప్రశ్నలను తెలుగు నాటకరంగము పలుమారులు అడిగినది. ప్రేక్షకులు తెల్లవార్లు మేలుకొని సమాధానము విన్నారు. నేడు అదే కుతూహలమును జపాను దేశపు వీడియో గేములు మరియొక రీతిని తీర్చుచున్నవి. అట్టివానిలో ఒకదానిని గైకొని, మన లక్షణశాస్త్రము చూపిన త్రోవలో దాని గుణదోషములను విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇట్టి విషయము శాఖాపత్రికకు తగునా యను శంక కొందరికి కలుగవచ్చును. మాకును మొదట కలిగినది. వేసవి సెలవులలో మేము మా స్వగ్రామమైన గంపలగూడెమునకు పోయినపుడు, విదేశమునుండి బంధువులు తెచ్చి యిచ్చిన చిన్న యంత్రమును చేతబట్టుకొని మా మేనల్లుడు అరుగుమీద కూర్చుండి ఆడుచుండెను. ఆ అరుగుననే మేము బాల్యమున సుద్దతో గీతలు గీసి పులిజూదము ఆడితిమి. కొంతసేపటికి అతడు తలయెత్తి, "మామయ్యా, వేరే ఆటలో ఒకళ్లనొకళ్లు చంపుకోబోయినవాళ్లు ఇందులో కలిసి ఎందుకు తిరుగుతున్నారు?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయినది. అది పాత్రౌచిత్యమునకు సంబంధించిన ప్రశ్న యనియు, క్షేమేంద్రుని చదివినవారు దానిని త్రోసిపుచ్చరాదనియు తరువాత తోచినది. ఆ సెలవులలో మేమును ఆ ఆటను తుదముట్ట ఆడితిమి.

ఆట పరిచయము

ఆ ఆట పేరు వ్రాతలో 'ప్రాజెక్ట్ ఎక్స్ జోన్'. పలుకుటలో 'ప్రాజెక్ట్ క్రాస్ జోన్'. నడుమనున్న అక్షరము కలయికను సూచించు గుర్తు. నింటెండో సంస్థవారి '3 డీఎస్' అను రెండు తెరల చేతియంత్రముకొరకు మోనోలిత్ సాఫ్ట్ సంస్థ దీనిని నిర్మింపగా, నామ్కో బందాయి సంస్థ ప్రకటించినది. జపానులో 2012 అక్టోబరునను, అమెరికా, ఐరోపా ఖండములలో 2013లోను వెలువడినది. నామ్కో బందాయి, క్యాప్‌కామ్, సెగా అను మూడు సంస్థల ఆటలనుండి ఏబదికి మించిన పాత్రలు ఇందు చేరినవి. మార్కెట్టులో పరస్పరము పోటీపడు సంస్థలు తమ తమ నాయకులను ఒక సేనకు అరువిచ్చుట గమనింపదగినది.

ఈ జాతి ఆటలకు పూర్వచరిత్ర కలదు. వేర్వేరు యంత్రమానవ కథలలోని నాయకులను ఒక యుద్ధభూమికి తెచ్చిన 'సూపర్ రోబో వార్స్' 1991లో ఆరంభమైనది. పిదప 2005లో 'నామ్కో క్రాస్ క్యాప్‌కామ్' జపానునందు మాత్రమే వెలువడినది. మన ఆట దీనికి వారసురాలు. దీని తరువాతి భాగము 2015లో జపానున వచ్చినది. కావున ఇది ఒక సంప్రదాయములో నడిమి మెట్టు. సంప్రదాయమున్నచోట నియమములుండును, నియమములున్నచోట విమర్శకు తావు కలదు.

కథ స్వల్పము. కోగోరో అను గూఢచారియు, మీయీ అను సంపన్న గృహపు కన్యయు అపహృతమైన వంశపారంపర్య రత్నమును వెదకబోవుదురు. లోకములనడుమ నున్న హద్దులు సడలుట చేత ఒక కథలోనివారు మరియొక కథలోనికి జారిపడుచుందురు. చేరినవారు చేరినట్లు సేనయగును. ఘట్టములు నలుబదికి పైగా కలవు. ప్రతిఘట్టమునను గళ్లుగీసిన నేలపై మన వీరులను ఒక్కొక్కరినే కదల్చి శత్రువులను చుట్టుముట్టవలెను. ఈ భాగము చదరంగమునకును పులిజూదమునకును జ్ఞాతి. శత్రువును సమీపించినంతనే గళ్లు మాయమై ద్వంద్వయుద్ధ దృశ్యము తోచును. అపుడు బుద్ధికంటె వ్రేళ్ల వేగమునకే ప్రాధాన్యము.

వీరసమాగమమునకు తెలుగు ప్రమాణము

ఈ ఆటకు ప్రమాణముగా మేము గయోపాఖ్యానమును గైకొనుచున్నాము. ఈ కథ వ్యాసభారతమున లేదు; మన కవులును నటులును దానిని పెంచి పోషించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు పందొమ్మిదవ శతాబ్ది చివర దానిని నాటకముగా వ్రాసి విశేషవ్యాప్తి కలిగించిరి. 1963లో కె.వి.రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన 'శ్రీకృష్ణార్జున యుద్ధము' చలనచిత్రమున ఎన్.టి.రామారావుగారు కృష్ణుడుగను, అక్కినేని నాగేశ్వరరావుగారు అర్జునుడుగను నటించిరి. పూర్వము కృష్ణాజిల్లాలో నుండిన గంపలగూడెము 2022 నుండి ఆ కృష్ణపాత్రధారి పేరిట ఏర్పడిన జిల్లాలో చేరియున్నది. మా మండలములోని నెమలి గ్రామమున వెలసిన వేణుగోపాలస్వామికి మ్రొక్కు ప్రజలకు కృష్ణునిపై బాణమెత్తిన అర్జునుని కథ పాపముగా తోచలేదు, మిక్కిలి ప్రియమైనది. దీనికి కారణమేమి?

కారణము కథానిర్మాణమున నున్నది. గయుడను గంధర్వుడు ఆకాశమున పోవుచు ఉమిసిన తాంబూలము, అర్ఘ్యమిచ్చుచున్న కృష్ణుని దోసిట పడినది. కృష్ణుడు వానిని వధింతునని ప్రతిన పూనెను. గయుడు తన శత్రువెవరో చెప్పకయే అర్జునుని శరణు వేడెను; అర్జునుడు అభయమిచ్చెను. ఇంక వెనుదిరుగుటకు ఇరువురికిని వీలు లేదు. కృష్ణుడు ప్రతిన తప్పినచో కృష్ణుడు కాడు. అర్జునుడు శరణాగతుని విడిచినచో అర్జునుడు కాడు. ఎవరి గుణము వారిని యుద్ధభూమికి ఈడ్చినది. 'రామాంజనేయ యుద్ధము'నందును ఇదే సూత్రము: యయాతిని వధింతునని రాముని మాట, వానిని కాపాడుదునని ఆంజనేయుని మాట. భక్తుడు స్వామికెదురు నిలుచుట ద్వేషముచేత గాదు, ఆ స్వామి నేర్పిన సత్యవాక్పాలనము చేతనే.

కావున మేము నిరూపింపదలచిన సూత్రమిది: వేర్వేరు కథల వీరులు కలిసినపుడు ఆ కలయికవలన ప్రతివీరునకును ఏదియో ఒకటి పణముగా ఒడ్డబడవలెను. స్నేహమో, ప్రతినయో, కీర్తియో ప్రమాదమున పడవలెను. అట్లు కానిచో అది వీరసమాగమము కాదు, వీరుల ఊరేగింపు మాత్రమే.

పాత్రౌచిత్యము

ఈ ప్రమాణముతో చూచినచో మా మేనల్లుని ప్రశ్న సార్థకము. 'టెకెన్' అను మల్లయుద్ధపు ఆటలలో హేహాచి తాత, జిన్ మనుమడు. 1997లో ముగిసిన మూడవ భాగపు కథయందు ఆ తాత మనుమనిపై తుపాకి ప్రేల్చెను. ఆ ఇరువురును ఇందు ఒకే పక్షమున పోరుదురు. ఒండొరులను ఎత్తిపొడుచు మాటలు కొన్ని కలవు. ఆ మాటలవలన ఒక్క అడుగైనను వెనుకకు పడదు, ఒక్క యుద్ధమైనను చెడదు. కౌరవపాండవుల నొక రథమున కూర్చుండబెట్టి, వారి వైరమును ఛలోక్తిగా మార్చినట్లున్నది.

అంతకంటె విచారింపదగిన ఉదాహరణము మరియొకటి. ఈ ఆటలో వీరులు జంటలుగా నడతురు. పిశాచములను వేటాడుటయే వృత్తిగాగల డాంటేకు, రక్తపిశాచముల ప్రభువైన డెమిట్రీ జోడు. ఇంతకు మించిన నాటకీయ సన్నివేశము కలదా? వధించుట ఒకని ధర్మము. వధ్యజాతికి అధిపతి రెండవవాడు. గయోపాఖ్యానమునకు కావలసిన ముడిసరుకంతయు రచయితల చేతిలో నున్నది. వారు దానిని ముట్టుకొనలేదు. కొలది సంభాషణములోనే ఆ విరోధము చల్లారినది. దొరకిన విత్తనమును నాటక వదలివేసిరని మా అభియోగము.

అయినను సర్వత్ర ఇట్లేయని చెప్పుట అన్యాయము. 'డెడ్ రైజింగ్'లో బ్రతికిన శవములతో నిండిన విపణిశాలను ఛాయాచిత్రములు తీసిన పత్రికావిలేఖకుడు ఫ్రాంక్ వెస్ట్. వానికి ఇందు తోడుగా నిచ్చినది స్వయముగ శవరూపిణియైన షియెన్‌కో అను చీనాకన్యను. శవములనిన భయపడి పరుగిడవలసినవాడు శవముతో జతకట్టి తిరుగుట హాస్యరసమునకు అనుకూలము. ఇచట ఇరువురి స్వభావములును చెడలేదు. ఒకరి స్వభావము రెండవవారి స్వభావమును వెలిగించినది. ఔచిత్యముతో కూర్చిన జంట యనిన ఇది. హాస్యమున ఈ రచయితలకు నేర్పు కలదు. వీరమునకు కావలసిన బరువునే వారు మోయలేదు.

యుద్ధవిధానము

ఇంతవరకు మాటలనుగూర్చి పలికితిమి. ఆటయనునది మాటలలో మాత్రమే యుండదు. మొదట మేము సంభాషణములను మాత్రము పరిశీలించి తీర్పు చెప్పబోయితిమి; అది తొందరపాటని పదియధ్యాయములు గడచిన పిదప తెలిసినది. సంభాషణములలో లోపించిన సంబంధము యుద్ధవిధానమున కొంత దొరకుచున్నది.

ద్వంద్వయుద్ధమున శత్రువును గాలిలోనికి ఎగురగొట్టి, అతడు నేల తాకబోవు క్షణమున మరల కొట్టినచో దెబ్బ బలమగును. ప్రక్కగడిలో నున్న మరియొక జంటను, ఒంటరివీరుని తోడు పిలువవచ్చును. ఇరుపక్షములనుండి దెబ్బలు ఏకకాలమున తగిలినచో శత్రువు గాలిలోనే స్తంభించును. దీనికే 'క్రాస్ హిట్' అని పేరు. వేర్వేరు సంస్థలు, వేర్వేరు కాలములు పుట్టించిన ఇరువురు వీరులు ఒక లయకు లోబడినగాని ఈ ఫలము సిద్ధింపదు. ఆ లయను కలుపువాడు ఆడువాడే. మృదంగమును తాళమును కలిసినపుడు కలుగు తృప్తి ఇచట కలదు.

అంతకంటె శ్లాఘ్యమైనది సేనకంతకును ఉమ్మడిగానున్న శక్తికోశము. ఒకరు కొట్టిన దెబ్బలవలన నిండిన కోశమునుండి మరియొకరు మహాస్త్రమును ప్రయోగింపవచ్చును. శత్రువు కొట్టినపుడు ఎదురుదెబ్బ తీయుటకును, దెబ్బ తగులకుండ కాచుకొనుటకును అందుండియే వ్యయము చేయవలెను. ఒకడు దుబారా చేసినచో మరియొకడు కవచము లేక నిలువవలసివచ్చును. ఉమ్మడి కుటుంబపు గాదె వంటిది ఈ కోశము. పణమనునది ఈ ఆటలో ఎచటనైన నున్నచో ఇచటనే యున్నది. కథ చెప్పలేని పరస్పరాశ్రయమును నియమము చెప్పినది.

అయితే ఈ గుణమును అతివిస్తరము మ్రింగివేయుచున్నది. ఒక్కొక్క ఘట్టమున శత్రువులు కుప్పలుగా వత్తురు. వారు నశింపగానే మరల క్రొత్తవారు వత్తురు. నలుబది ఘట్టములలోను ఇదే వరుస. పులిజూదమున పులులు మూడు, మేకలు పదునైదు. ఒక మేక చచ్చినచో అల్లిక మారును. ఒక పులి కట్టుపడినచో ఆట స్వరూపమే మారిపోవును. ప్రతికదలికకును వెల కలదు. ఆలయమండపముల రాతిపలకలపై గీసిన ఆ గీతలు ఇంకను చెరగకుండుటకు రాయి గట్టిదగుట ఒక్కటే కారణము కాదు. మన సమీక్ష్యమున పదిమంది శత్రువులు చచ్చినను అల్లిక మారదు. కాలము మాత్రమే గడచును. వ్యూహము పేర వచ్చిన ఆటకు ఇది చిన్న లోపము కాదు.

ఫలశ్రుతి

తేలిన సారాంశమిది. 'ప్రాజెక్ట్ ఎక్స్ జోన్' హాస్యమున సమర్థము, యుద్ధనియమ కల్పనమున ప్రతిభావంతము, కథాసంవిధానమున దుర్బలము, విస్తరమున నిర్దాక్షిణ్యము. ఇందలి వీరులు కలిసి పోరుదురు; ఆ కలయికకై దేనినీ కోల్పోవరు. కోల్పోవునది లేనిచోట వీరరసము నిలువదు.

పరిశోధక విద్యార్థులకు రెండు మాటలు. ఈ యంత్రమునకై నింటెండో నడపిన ఇంటర్నెట్ అంగడి 2023 మార్చిలో మూతపడినది. పుట్టి పండ్రెండేండ్లు నిండకమున్నే ఒక కృతి దొరకు త్రోవలలో ఒకటి మూసికొనిపోయినది. తాళపత్రములు చెదలు పట్టుట చూచినవారము గనుక ఈ నష్టము మనకు బోధపడవలెను. ఇక రెండవది. మా మేనల్లునికి జిన్ ఎవరో, హేహాచి ఎవరో తెలియును, గయుడు తెలియడు. తప్పు వానిది కాదు. వాని ప్రశ్నకు మేము ఆ రాత్రి అరుగుమీద గయుని కథను సమాధానముగా చెప్పితిమి. వాడు తుదివరకు విని, "అయితే మామయ్యా, ఆ ఆట ఎవరైనా చేశారా?" అని యడిగెను. నాటకములుగను చలనచిత్రములుగను వచ్చిన ఆ కథ గళ్ల నేలమీదికి, ప్రతినకు వెలగట్టు నియమములతో రావలసియున్నది. ఒకే సేనలో నుండియు ఒకరి మాట మరియొకరికి అడ్డుపడునట్లు ఆ నియమములను రచించుట ఎట్లో ఆలోచింపదగిన పని. దానికి కావలసిన కథాలక్షణజ్ఞానము మన విభాగములలో కలదు. ఆట నిర్మించు యువకులు మన తరగతులలోనే కూర్చుండియున్నారు.