ఫెయిరీలు నిజంగా ఉండేవాళ్ళా? ఒక పాత పుస్తకం గురించి

స్కాట్లాండు పల్లె కథల్లోని ఫెయిరీలు మనం బొమ్మల్లో చూసే రెక్కల పిల్లలు కారు. మట్టిదిబ్బల కింద కాపురముండే పొట్టివాళ్ళు. ఇనుమంటే వాళ్ళకు భయమని జనం చెప్పుకునేవారు. ఈ కథలు ఊరికే పుట్టలేదు, వెనకాల నిజమైన మనుషులున్నారని వాదించినవాడు డేవిడ్ మెక్‌రిచీ. 1890లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది టెస్టిమొనీ ఆఫ్ ట్రెడిషన్’, అంటే సంప్రదాయం చెప్పే సాక్ష్యం.

పూర్వం అక్కడొక పొట్టి జాతి ఉండేదట. తర్వాత వచ్చినవాళ్ళు ఆ జాతిని అణిచేశారు, ఆ జ్ఞాపకమే ఫెయిరీ కథలైంది అంటాడాయన. ఆ జాతిని పిక్టులతోనూ, ఉత్తర ఐరోపాలోని లాప్ జనంతోనూ ముడిపెట్టాడు. దానికి ఆధారంగా భూమిలోపలి రాతి గదుల్ని చూపించాడు. వాటిలోకి వంగి, ఒక్కోచోట పాకి పోవాలి. దారి చిన్నదైతే మనుషులూ చిన్నవాళ్ళే కదా అన్నది ఆయన లెక్క.

పల్లెజనం మాటను కొట్టిపారేయకుండా సాక్ష్యంగా విన్నందుకు ఆయన నాకు నచ్చాడు. పేచీ అంతా ఆ లెక్క దగ్గరే. ఆయన ఇల్లనుకున్న మేస్‌హౌ సుమారు 5000 ఏళ్ళ నాటి సమాధి. సమాధికి వాకిలి చిన్నదైతే లోపలివాళ్ళకు వచ్చిన ఇబ్బందేముంది? పిక్టులేమో దానికి వేల ఏళ్ళ తర్వాతివాళ్ళు, పైగా ఇనుము వాడినవాళ్ళు. మరి ఇనుమంటే భయం ఎక్కడిది?

ఇలాంటి సమాధులు మన వైపూ ఉన్నాయి. తెలుగు పల్లెల్లో వాటిని రాక్షసగుళ్ళు అంటారు. అంతంత బండలు ఎత్తాలంటే రాక్షసులే కావాలి మరి! మన కర్ణాటకలో, కొప్పళ జిల్లా హిరేబెణకల్ దగ్గర అలాంటి రాతిగూళ్ళున్న గుట్టను మోర్యర గుడ్డ అంటారు. ఆ మోర్యరు మరుగుజ్జులని చెప్పుకుంటారు. బండల బరువు చూసినవాళ్ళకు రాక్షసులు తోచారు, గూటి కన్నం చూసినవాళ్ళకు మరుగుజ్జులు తోచారు. కట్టినవాళ్ళ ఎత్తు మాత్రం ఏ కథలోనూ లేదు. మెక్‌రిచీ దిబ్బను చూసి కథ పుట్టి ఉంటుందని అనుకోకుండా, కథను పట్టుకుని దిబ్బలో మనుషుల్ని వెతికాడు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. లాప్‌లు అన్నవాళ్ళు, తమను తాము సామి అని చెప్పుకునేవాళ్ళు, ఈనాటికీ ఉన్నారు. వాళ్ళకు సొంత భాషలున్నాయి, పిల్లలు చదువుకునే బడులున్నాయి. ఆ పిల్లల్లో ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే, తమ ముత్తాతలు పిల్లల్ని ఎత్తుకుపోయే దిబ్బ దయ్యాల లెక్కలో కనిపిస్తారు.