మయసభ: శిల్పము, వనము, అతిథి

మయసభను మనము తరగతులలో సాధారణముగ అద్భుతరసమునకు ఉదాహరణముగ బోధించుచున్నాము. స్ఫటికపు నేలలు, మణిపద్మముల కొలను, తెఱచినట్లు తోచు మూసిన తలుపు - వీనిని వర్ణనావైభవమునకు తార్కాణములుగ చూపి, పిదప దుర్యోధనుని పరాభవమునకు సాగిపోవుచున్నాము. ఈ పద్ధతి తప్పనుట మా ఉద్దేశము కాదు. చాలదనుటయే మా ఉద్దేశము. మయసభ కేవలము వర్ణింపబడిన వస్తువు కాదు. మనుష్యుడు, ప్రకృతి, యంత్రవిద్య అను మూడింటి సంబంధమును గూర్చిన గంభీరమైన విచారణ యొకటి అందు కలదు. ఆ విచారణను ఇందు సంగ్రహముగ పరిశీలింతుము.

సభాపర్వము మయునితో ప్రారంభమగుచున్నది. కాని ఆ మయుడు ఆదిపర్వాంతమున మంటలనుండి వెలువడినవాడు. కృష్ణార్జునులు ఖాండవవనమును అగ్నికి ఆహారముగ నొసంగిరి. ఆ దహనమునుండి బ్రతికి బయటపడినవారు మిక్కిలి కొలదిమంది: తక్షకుని కుమారుడగు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గకపక్షులు, మయుడు. తన్ను కాచిన అర్జునునకు ప్రత్యుపకారము చేయనెంచి మయుడు ప్రార్థింపగా, అర్జునుడు తనకేమియు వలదని కృష్ణుని చూపెను. కృష్ణుడు ధర్మరాజునకు సభ నిర్మింపుమనెను. కావున ఆ సభ ఒక ఋణవిమోచనము. అందు ఒక్క ప్రాణమునకు ప్రతిఫలము చెల్లినది. దగ్ధమైన వనమునకు ఎవ్వరును ఏమియు చెల్లింపలేదు. ఆదిసభాపర్వములను రెండింటిని నన్నయయే తెనిగించుటచే ఈ రెండు ఘట్టములును తెలుగు పాఠకునకు ఒకే కవి వాక్కున, ఒకదాని వెంట నొకటిగ లభించుచున్నవి. అయినను వీనిని విడివిడిగ చదువుటచే నడుమనున్న సూత్రము మన చేతినుండి జారిపోవుచున్నది.

నిర్మాణమును గమనింతము. మూలభారతమును బట్టి మయుడు కైలాసమునకు ఉత్తరముననున్న బిందుసరస్సునకు పోయి అచటి రత్నసామగ్రిని తెచ్చెను. 14 మాసములలో సభను ముగించెను. దానిని 8,000 మంది కింకరులు కాచుచుండిరి. చుట్టును నిత్యము పూచెడి చెట్లు, లోపల కొలను. ఆ కొలనియందలి నీరు నిజమైనదే, తామరలు మాత్రము మణిమయములు. అడవినుండి వచ్చిన శిల్పి అడవిని మరల కట్టినాడు. కాని దానినుండి ఋతువును, వాడుటను, రాలుటను తొలగించినాడు. అనగా ప్రకృతియొక్క రూపమును గ్రహించి స్వభావమును విడిచినాడు.

ఇట్టి సభకు అతిథి వచ్చెను. స్ఫటికపు నేలను నీరనుకొని దుర్యోధనుడు వస్త్రములను ఎగగట్టెను, నీటిని నేల యనుకొని అందు పడెను, చూచినవారు నవ్విరి. సాదృశ్యముచే ఒక వస్తువును మరియొక వస్తువుగ భ్రమించుటను ఆలంకారికులు భ్రాంతిమదలంకారమనిరి. కావ్యమున ఈ భ్రాంతి ఆనందహేతువు. ఏలయన, పాత్రము భ్రమించుచున్నను పాఠకుడు సత్యమునెఱుగును. ఆ ఎఱుకయందు అతడు కవికి భాగస్వామి. మయుడు చేసినదేమనగా, ఈ అలంకారమును పద్యమునుండి తీసి నేలపై పఱచుట. అచట సత్యము తెలిసినవారు గృహస్థులు, తెలియనివాడు అతిథి. కావ్యమున సహృదయునకు కలుగవలసిన ఆనందము సభలో గృహస్థులకు దక్కెను. దానికి వెలను అతిథి చెల్లించెను. భ్రాంతి కావ్యమునకు అలంకారము, నివాసమునకు దోషము అనునదే మా ప్రతిపాదనము.

దుర్యోధనుని అసూయ సభకంటె పూర్వమే యున్నది గదా, శిల్పముపై నేరము మోపుట యేల యని ఆక్షేపింపవచ్చును. అసూయకు శిల్పి కర్త కాడు, నిజమే. కాని దుర్యోధనుడు తండ్రియెదుట వెళ్లబోసికొన్న దుఃఖమున పాండవుల సంపదతోపాటు ఈ నవ్వు కూడ ఉన్నది. ద్యూతమునకు పోవు త్రోవ ఈ నేలమీదుగ పోయినది. తెలుగు ప్రేక్షకునకు ఈ సంగతి క్రొత్తది కాదు. 1977 నాటి దానవీరశూరకర్ణ చిత్రమున మయసభ దుర్యోధనుని మాటలలోనే మన కెదురగుచున్నది.

ఈ విచారణ పురాణముతో ముగియునది కాదు. రాబోవు మానవునకై నేడే ఇల్లు కట్టవలెనను స్వప్నము ఇరువదవ శతాబ్దమున మరల తలయెత్తినది. పుదుచ్చేరి సమీపమున 1968 ఫిబ్రవరి 28వ తేదీన ఆరంభింపబడిన ఆరోవిల్ అట్టిది. 124 దేశముల మట్టిని ఒక కలశమున నుంచి దానిని ప్రారంభించిరి. ఫ్రెంచి వాస్తుశిల్పి రోజే ఆంజే 50,000 మంది నివాసమునుద్దేశించి, నక్షత్రమండలపు సుడివలె నగరరూపమును కల్పించెను. నడుమనున్న మాతృమందిరపు లోపలి గదిలో సూర్యకిరణము అద్దపు యంత్రము సాయమున స్ఫటికగోళముపై పడును. మయసభలోను స్ఫటికమే, కాని ఇచటి స్ఫటికము వెలుగును వెలుగుగనే చూపుచున్నది, ఎవ్వరిని వంచింపదు. ఆ మందిరము చెంత పూర్వమునుండి యున్న మఱ్ఱిచెట్టును నఱకక నగరమునకు కేంద్రముగ నిలిపిరి.

అంతకంటె గమనింపదగినది మరియొకటి. ఆ ప్రదేశము వానలకు కోసుకొనిపోయిన ఎఱ్ఱనేల. వచ్చినవారు కట్టలు వేసి నీటిని నిలిపి, చెట్లు నాటి అడవిని పెంచిరి. మయుని కథయందు అడవి పోయిన పిదప సభ వచ్చెను. ఇచట నగరము పూర్తికాకముందే అడవి వచ్చెను. అయితే పటములోని వలయమార్గమునకు ఆ చెట్లే అడ్డమైనవి. 2021 డిసెంబరులో కొన్ని చెట్లను కొట్టివేయగా నివాసులు రెండు పక్షములైరి. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణానుమతి పొందవలెనని ఆదేశించెను. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును త్రోసివేసెను.

న్యాయనిర్ణయము మా విషయము కాదు. పటము లేనిదే అంతమందికి నగరము లేదనువారి మాటయు, ఆ చెట్లు లేనిదే నగరమునకు అర్థము లేదనువారి మాటయు వినదగినవే. మేము చూపదలచినది దృష్టిభేదము. నక్షత్రమండలపు సుడి ఆకాశమునుండి చూచువానికే కనబడును. నేలపై నడచువానికి కనబడునది ఎదుటి చెట్టు. మయసభయందును ఇట్లే కట్టినవాని చూపు వేఱు, అడుగు పెట్టినవాని చూపు వేఱు. ఈ రెండు చూపులు కలియని చోట స్వప్నము ఎంత గొప్పదైనను ఎవరో ఒకరు జారి పడుదురు.

కావున ఇట్టి నిర్మాణమును, లేక దాని వర్ణనమును విమర్శించునపుడు మూడు ప్రశ్నలు వేయుట యుక్తమని తలంచుచున్నాము. దీనికి పూర్వము ఏది దగ్ధమైనది? ఇది ప్రకృతినుండి రూపమునే గ్రహించినదా, స్వభావమునుకూడ గ్రహించినదా? క్రొత్తగ వచ్చినవాని పాదము దీనిని నమ్మవచ్చునా? మన ప్రబంధములందలి పురవర్ణనములు భ్రాంతిమదలంకారమునకు ఆటపట్టులు. అందలి మేడలను, ఉద్యానములను ఈ ప్రశ్నలతో మరల చదువుట పరిశోధకులకు లాభకరము కాగలదు. అంతవరకు మా విన్నపమొక్కటే: మయసభను బోధింపబోవువారు ఆ దినమున ముందుగ ఖాండవదహనమును ఒకమారు చదివి తరగతికి రావలెను.