పెన్సిలిన్ ద్రావణం ఆయువు: ఫ్లెమింగ్ 1929 వ్యాసం - ఒక పునఃపరిశీలన

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1929లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ పాథాలజీలో ప్రచురించిన పెన్సిలిన్ వ్యాసాన్ని సాధారణంగా ఒక ఆవిష్కరణ కథగానే చదువుతారు. పాఠ్యపుస్తకాల దృష్టి బూజు పట్టిన గాజుపళ్లెం దగ్గరే ఆగిపోతుంది. ఆ వ్యాస సారాంశంలో అంతగా ప్రస్తావనకు రాని అంశం మరొకటి ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద పెన్సిలిన్ 10 నుంచి 14 రోజుల్లో తన శక్తిని చాలావరకు కోల్పోతుందని, తటస్థీకరిస్తే మరికొంతకాలం నిలుస్తుందని ఫ్లెమింగ్ నమోదు చేశాడు.

వ్యాసం బలమూ పరిమితీ రెండూ ఇక్కడే కనిపిస్తాయి. పరిశీలన నిక్కచ్చిగా ఉంది. అయితే ఫ్లెమింగ్ దాన్ని పదార్థ గుణాలలో ఒకటిగా చూశాడే తప్ప పరిష్కరించవలసిన సమస్యగా చూడలేదు. సూక్ష్మజీవులు సోకిన భాగాలకు పూతగానో ఇంజెక్షన్‌గానో ఇది పనికిరావచ్చని అదే సారాంశంలో సూచించాడు. రెండు వారాల్లో నిర్వీర్యమయ్యే మందును నిల్వ చేయడమెలా అన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. ఇందుకు కారణం కొంతవరకు వ్యాస శీర్షికలోనే దొరుకుతుంది. ఇన్‌ఫ్లుయెంజా బాసిలస్‌ను వేరుచేయడంలో ఉపయోగాన్ని శీర్షిక ప్రత్యేకంగా పేర్కొంది. ప్రయోగశాలలో అవసరమైనప్పుడల్లా తయారుచేసుకునే ద్రవానికి పదిరోజుల ఆయువు చాలు.

పెన్సిలిన్ అణునిర్మాణం తెలియని కాలంలో ఫ్లెమింగ్ అంతకుమించి ఏం చేయగలడన్న సమర్థన ఉంది. డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-రే స్ఫటిక అధ్యయనం బీటా-లాక్టమ్ వలయాన్ని నిర్ధారించింది 1945లో. నాలుగు పరమాణువుల ఆ ఇరుకు వలయాన్ని నీరు తెరిస్తే పెన్సిలోయిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఆమ్ల మాధ్యమంలో అణువు మరింత వేగంగా రూపు మారుతుంది. తటస్థీకరణ ఎందుకు పనిచేసిందో అప్పుడుగాని స్పష్టం కాలేదు.

ఈ సమర్థన పూర్తిగా నిలవదు. 1932లో రైస్ట్రిక్ బృందం ఆమ్లీకరించిన ద్రవం నుంచి పెన్సిలిన్‌ను ఈథర్‌లోకి రాబట్టింది. ఈథర్‌ను ఆవిరి చేసేసరికి దాని శక్తి మాయమైంది. ఆక్స్‌ఫర్డ్‌లో నార్మన్ హీట్లీ ఈథర్‌ను ఆవిరి చేయలేదు. ద్రవాన్ని చల్లగా ఉంచి, ఈథర్‌లోకి చేరిన పెన్సిలిన్‌ను తిరిగి తటస్థ జలంలోకి తెచ్చాడు. ఆ జలాన్ని ఘనీభవింపజేసి ఆరబెట్టగా పొడి మిగిలింది. హీట్లీకీ అణునిర్మాణం తెలియదు. హీట్లీ చేతిలో ఉన్న సూచన, 1929 వ్యాసంలో ఉన్న తటస్థీకరణ సూచన ఒకటే.

పిల్లల అమాక్సిసిలిన్‌ను నేటికీ పొడిగానే అమ్ముతారు. అందులోనూ ఉన్నది అదే వలయం. నీళ్లు కలిపాక 7 నుంచి 14 రోజుల్లో మిగిలినది పారేయాలని సీసాపై ముద్రిస్తారు.