గేటు బయటి కెమెరా

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. లోపలి దృశ్యాల్లో ఎక్కువ భాగం సహాయక బృందాలు తీసి ఇచ్చినవే. నీళ్లు, బురద ముంచుకొచ్చిన చోటికి కెమెరాలు వద్దనడం సబబే. అయినవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్ల మొహాల మీద ఫ్లాష్ కొట్టే హక్కూ ఎవరికీ లేదు. కానీ సహాయం చేసేవాళ్లే సాక్ష్యమూ చెప్పుకుంటే, ఆలస్యం ఎక్కడ జరిగిందని అడగడానికి ఆధారం మిగలదు. అందరి తరఫున ఒక్క ఫొటోగ్రాఫర్‌ను పంపి, అతను తీసినవి అన్ని పత్రికలకూ పంచితే తోపులాట ఉండదు. ఆ మాత్రం ఏర్పాటు కష్టమేమీ కాదు. అదీ లేనప్పుడు జిల్లా ఫొటోగ్రాఫర్ పనితనం గేటు బయటే తెలుస్తుంది: పొడవాటి లెన్సుతో, షిఫ్టు దిగిన కార్మికుడి మోకాళ్ల దాకా ఎండిన బురదను పట్టుకుంటాడు. ప్రెస్‌నోట్ చెప్పనిది ఆ బురద చెబుతుంది. ఫొటో కింద ఊరు, తేదీ తప్పు పోనివ్వడు.

ఆ సొరంగం శ్రీశైలం నీళ్లు తేవాల్సింది ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండకే. అక్కడి విపత్తుకు గేటూ లేదు, కాపలా లేదు. బోరునీళ్లతో ఏళ్ల తరబడి ఎముకల్లోకి ఇంకింది. ఫొటోలు ఆ బాధను అమ్ముకున్నాయనే వాళ్లున్నారు. కొన్ని అమ్ముకున్నాయి కూడా. అయితే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటితే ఏమవుతుందో దేశానికి పట్టిక చూపించలేదు. 2003లో ప్రధాని వాజపేయి ముందు బల్ల మీద పడుకోబెట్టిన మర్రిగూడ మండలం ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామి ఫొటో చూపించింది.