కార్తె, పదును
సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదిని ఇలాంటి 27 కార్తెలుగా విభజించుకొన్న తెలుగు రైతు, చాంద్రమాన తిథుల వలె ఏటా ముందువెనుకలు కాని ఈ సౌరగణనను ఆధారం చేసుకొని, మే చివరి వారంలో మొదలయ్యే రోహిణి ఎండలకు, జూన్‌లో వచ్చే మృగశిర, ఆరుద్ర వానలకు ముందుగానే సిద్ధపడతాడు. అయితే అతని నేర్పు పంచాంగంలో కంటే నేలను పరీక్షించడంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. తొలి వానలకు మట్టిలోంచి పైకి వచ్చే ఎర్రని మఖమలు ఒంటి ఆరుద్ర పురుగును చూసి సంతోషించినా, అంతటితో తృప్తిపడక, పిడికెడు మట్టిని ముద్దచేసి జారవిడిచి, అది చేతికి అంటకుండా, కిందపడగానే విడిపోతేనే పదును, అనగా విత్తుకు తగిన తేమ, కుదిరిందని నిర్ణయిస్తాడు. ఎందుకంటే కార్తెలను బట్టి వానను చెప్పే సామెతలు ప్రతిసారీ ఫలించవు. వానలు గతి తప్పుతున్న ఈ కాలంలో మరీను. కార్తెను మట్టితో సరిచూసుకొనే ఈ పరిశీలనకు వ్యవసాయ విద్యలో చోటు దక్కవలసి ఉంది.